ఓజెమ్ సమాధి మీది గడ్డి

వెర్లీ ఆర్సెనో గోళ్లు ఏడాది పొడుగునా ఆకుపచ్చగానే ఉంటాయి. ఆదివారం క్రీస్తు గుడిలో ఫాదర్ ఇచ్చే అప్పం అందుకోవడానికి ఆమె చేయి చాపితే వెనక వరసలోవాళ్లు నవ్వు ఆపుకోవాలి.

"ఆ గోళ్లతో పరలోకానికి పోతే పేతురుగారు గుమ్మం దగ్గరే ఆపేసి పెరటి పనికి పంపేస్తారు" అన్నాడొకసారి పక్కింటి క్లెబె ట్రహాన్.

"పంపనీ. అక్కడి పెరడు ఎలా ఉందో చూసొచ్చి చెప్పినవాడు లేడుగా" అంది వెర్లీ.

ఆమె పని గడ్డి చల్లడం. కొత్త ఇళ్ల ముందు, రోడ్డు గట్ల మీద, ఎక్కడ మట్టి బోసిగా ఉంటే అక్కడికి ఆమె ట్యాంకు లారీ వెళుతుంది. నీళ్లు, గడ్డి విత్తనం, చెక్కపీచు, ఎరువు, కాస్త జిగురు, ఎంతవరకు చల్లామో తెలియడానికి పచ్చరంగు: అన్నీ ట్యాంకులో కలిసి చిక్కటి జావలా తయారవుతాయి. భుజాన గొట్టం పెట్టుకుని ఆమె దాన్ని నేల మీద పరుస్తుంది. చల్లిన సాయంత్రం ఆ నేల చూసి గడ్డి అప్పుడే మొలిచిందనుకుని మురిసిపోయే వాళ్లున్నారు. వెర్లీ మురిసిపోనిస్తుంది. పంపు శబ్దం కొంచెం బొంగురుపోతే చాలు, గొట్టంలో పీచు ఎక్కడ అడ్డుపడిందో మాట్లాడుతూనే కనిపెట్టేస్తుంది. ఇదంతా భర్త ఓజెమ్ దగ్గర నేర్చుకున్నదే. పోయిన చలికాలంలో అతను పోయాక లారీ అమ్మేస్తుందని ఊరంతా అనుకుంది. అంత్యక్రియలైన వారానికే ఆమె లారీ తీసింది.

ఓజెమ్ అక్క నోయెలీకి అది మింగుడుపడలేదు. బడి వంటశాలలో ఊరి పిల్లలందరికీ తరాల తరబడి వండి వడ్డించిన మనిషి ఆమె. ఏడ్చేవాళ్లు ఏడుస్తూ కనబడాలి ఆమెకి.

ఓజెమ్‌నీ, అంతకుముందు ఎప్పుడో పోయిన వాళ్ల తల్లినీ పాతిపెట్టింది సమాధుల తోటలో, బేయూ అని పిలిచే మందకొడి వాగు వైపు ఏటవాలు మీద. ఒకసారి తుఫానుకి ఆ బేయూ పొంగి, ఏటవాలును కోసుకుపోయి, రెండు శవపేటికల్ని పైకి లేపిన సంగతి ఊళ్లో ఇంకా గొంతు తగ్గించే చెప్పుకుంటారు. అందుకే ఈ వేసవిలో గుడివాళ్లు లారీలతో మట్టి పోయించి, ఒక్కో సమాధి చుట్టూ సిమెంటు గట్టు కట్టించారు. గడ్డి వేళ్లు పట్టుకోకపోతే చలికాలం వానలకి ఆ మట్టీ నిలవదు. ఫాదర్ అడిగేలోపే వెర్లీ ఒప్పుకుంది.

సెప్టెంబరు మొదట్లో చల్లింది. చల్లి, గుడి ముందు అందరికీ చెప్పింది: "నీళ్లు నేనే పెడతాను, పొద్దున్నే. మీరెవరూ పొయ్యకండి." అందరూ తలూపారు.

వారం తిరిగేసరికి మట్టి మీద సన్నటి నూగు మొలిచింది. ఇక ఊరివాళ్లని ఆపడం ఎవరి తరమూ కాలేదు. సాయంత్రం భోజనాలు అయ్యాక సమాధుల దగ్గరికి నడిచి రావడం అక్కడ తాతలనాటి అలవాటు. ఇప్పుడు ఒక్కొక్కరి చేతిలో నీళ్ల డబ్బా కూడా చేరింది. సమాధుల మధ్య సందుల్లో నిలబడి ఎవరి తల్లికి వాళ్లు, ఎవరి మొగుడికి వాళ్లు ధారగా పోసేవారు. నోయెలీ ఒక చేత జపమాల, ఒక చేత డబ్బాతో వచ్చి తల్లి సమాధి తడిపేది. పక్కనే తమ్ముడిది. దాని మీద ఒక్క చుక్క పొయ్యలేదు. పెళ్లాం బతికుండగా అక్క చెయ్యి పెట్టడం మర్యాద కాదు మరి. పెళ్లాం ఎప్పుడు పోస్తుందో చూస్తూ ఉంది.

ఒక సాయంత్రం వెర్లీ ఖాళీ చేతులతో వచ్చి నిలబడేసరికి ఇక ఊరుకోలేకపోయింది.

"ఊళ్లో అందరి వాకిళ్లకీ నీళ్లు పెడతావు. మా తమ్ముడికి ఒక్క చెంబు బరువైందా?"

"పొద్దున పెట్టాను వదినా."

"పొద్దున పెట్టింది నీ లారీ. నువ్వు కాదు."

వెర్లీ వంగి మట్టిని వేలితో తాకి చూసింది. "మన ఊరి గాలే తడి బట్ట. ఇప్పుడు పోస్తే తెల్లారేదాకా ఆరదు. లేత గడ్డి రాత్రంతా తడిలో ఉంటే బూజు పట్టి కుళ్లిపోద్ది."

"అయితే అమ్మ దగ్గరికి రావద్దంటావా?"

"రావద్దనట్లేదు. ఖాళీ చేతుల్తో రమ్మంటున్నా."

"ఖాళీ చేతుల్తో సమాధి దగ్గరికి ఎవరొస్తారే?" అని నోయెలీ డబ్బాలో మిగిలిందంతా తల్లి మీద కుమ్మరించి వెళ్లిపోయింది.

సెప్టెంబరు చివర ఒక పొద్దున, మంచు ఇంకా ఆరకముందే, నోయెలీ అటుగా వెళ్లింది. తల్లి సమాధి మీద గడ్డి నూనెలో ముంచి తీసినట్టు నల్లబడి నేలకి అతుక్కుపోయి ఉంది. దాని మీద సాలెగూడులాంటి తెల్లటి దారాలు. ఇటు చూస్తే బ్రూసార్డుల పాప సమాధి, అటు చూస్తే పాత ఫాదర్‌గారిది, అన్నీ అంతే. ఎక్కువ ప్రేమ అందుకున్నవాళ్లందరూ బోడిగా పడున్నారు. క్లెబె అప్పటికే రోడ్డు మీద నిలబడి టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"మా మామ సమాధి చూడు నోయెలీ, ఎంత పచ్చగా ఉందో. మేం ఆయన్ని ఎంత పట్టించుకోలేదో ఊరందరికీ తెలిసిపోయింది."

ఆమె నవ్వలేదు. ఓజెమ్ సమాధి కేసి చూసింది. గట్టు నుంచి గట్టుదాకా ఎక్కడా చిరుగు లేని పచ్చదనం. ఇన్ని సాయంత్రాలూ నీళ్లు పొయ్యకుండా నిలబడటం వెర్లీకి ఎంత కష్టమై ఉంటుందో అప్పుడు తట్టింది ఆమెకి.

నేరుగా వెర్లీ ఇంటికి వెళ్లింది. వెర్లీ ట్యాంకు కడుగుతోంది. వదిన ముఖం చూసి విషయం గ్రహించింది. నేను చెప్పలేదా అన్న మాట ఆమె నోట రాలేదు.

"ఇంకా వెచ్చగానే ఉంది వదినా. ఈ వారంలో మళ్లీ చల్లితే మొలుస్తుంది. తర్వాతైతే రాత్రులు చల్లబడతాయి, మొలవదు. మట్టి వానలకి పోతుంది. కానీ సాయంత్రం నీళ్లు ఆగాలి. నేను చెప్పడం అయింది. నా మాట ఎవరు వింటారు?"

"నా మాట వింటారు" అంది నోయెలీ. "నా చేతి కూడు తినని వాడు ఈ ఊళ్లో లేడు."

మర్నాడు వెర్లీ కుళ్లిన చోటల్లా గీకి తీసి ఎండకి ఆరనిచ్చింది. ఆరాక మళ్లీ చల్లింది. నోయెలీ సందులో నిలబడి చూసింది. లారీ మీది పెద్ద గొట్టం వదిలేసి, సన్న గొట్టం చివర బొటనవేలు అడ్డుపెట్టి, అత్తగారి సమాధి మీద మూలమూలకీ జావ పరిచింది వెర్లీ. సిమెంటు గట్టు మీద ఒక్క పచ్చ మరక పడలేదు. పిల్లకి కాటుక పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టినట్టు బిగబట్టింది. బ్రూసార్డుల పాప సమాధికీ అంతే, ఎవరో తెలియని రాతికీ అంతే.

ఆ సాయంత్రం తోట గేటు దగ్గర బల్ల వేసుకుని, బడి వంటశాల నుంచి తెచ్చిన పెద్ద కాఫీ కెటిలుతో కూర్చుంది నోయెలీ. వచ్చిన వాళ్ల చేతిలోంచి నీళ్ల డబ్బా తీసుకుని, అదే చేతిలో కప్పు పెట్టింది.

"ఇదేంటమ్మా?"

"చేతులు ఖాళీగా ఉండకూడదుగా. పట్టుకుని నడువు. ఒలకబొయ్యకు."

కొందరు గొణిగారు. చిన్నప్పుడు ఆమె ముందు పళ్లెం పట్టుకుని నిలబడిన వాళ్లే కాబట్టి గొణిగి ఊరుకున్నారు. రెండు మూడు రోజులకి కుర్చీలు కూడా వచ్చాయి. కప్పులు పట్టుకుని చనిపోయినవాళ్ల కబుర్లు చెప్పుకుంటూ చీకటిపడేదాకా కూర్చునేవారు. గడ్డి తన పని తాను చేసుకుపోయింది.

అక్టోబరు మధ్యలో పెద్ద వాన పడింది. వాన వెలిశాక ఊరివాళ్లు బేయూ గట్టుకి వెళ్లి చూశారు. ఏటవాలు మీంచి దిగే నీళ్లు తేటగా ఉన్నాయి. మట్టి రంగు లేదు. వెర్లీ అక్కడే మోకాళ్ల మీద కూర్చుని, పచ్చగోళ్ల వేళ్లతో అత్తగారి సమాధి మీద ఒక గడ్డి పరక పట్టి మెల్లగా లాగింది. ఊడి రాలేదు.

నవంబరు మొదట్లో, పోయినవాళ్లని తలుచుకునే సకల పునీతుల పండుగకి సమాధుల గట్లన్నిటికీ సున్నం వేశారు. మధ్యాహ్నం ఫాదర్ వరసల మధ్య నడుస్తూ పవిత్ర జలం చల్లుతుంటే క్లెబె మెల్లగా అన్నాడు: "కాస్త తగ్గించి చల్లండి ఫాదర్, కుళ్లిపోద్ది." ఫాదర్‌కి నవ్వొచ్చి ప్రార్థనలో ఒక మాట తడబడింది.

జనం కదిలాక వెర్లీ ఓజెమ్ దగ్గర ఒక్కతే నిలబడింది. చేతిలో నోయెలీ ఇచ్చిన కప్పు. సగం తాగింది. మిగిలిన సగం వంగి గడ్డి మీద పోసింది. తల ఎత్తితే ఎదురుగా వదిన.

"ఎండ ఉందిలే వదినా" అంది వెర్లీ. "ఆరిపోద్ది."

నోయెలీ తన కప్పు కూడా ఆమె చేతికిచ్చింది.