కుక్కర్ విజిల్ టవర్

సౌదీలో, జుబైల్‌లో మా పై ఫ్లాట్లో ఉండిన ఇంజనీరుకి ఎప్పుడూ ఒకటే మాట: "పారేయకండక్కా, పనికొస్తుంది." లబన్ అనే మజ్జిగ సీసాల మూతలూ, విరిగిన బొమ్మల కాళ్లూ అతికించి, బల్లమీద ఆడే అంతరిక్ష యుద్ధానికి సైనికుల్నీ కోటల్నీ తయారుచేసేవాడు. నలభై ఏళ్లొచ్చాయి, బొమ్మలాట!

ఒక శుక్రవారం పదిమంది భోజనానికి వస్తారనగా నా కుక్కర్ విజిల్ కనబడలేదు. అనుమానంతో పైకి వెళ్లాను. అది ఏదో గ్రహం మీది కోటకి టవరై, తుప్పురంగు పూసుకుని నిలబడి ఉంది.

"నిన్న పెరుగుకొచ్చినప్పుడు సింకు పక్కన చూసి, పాతదనుకున్నానక్కా. లాగకండి, కోట విరుగుద్ది!"

"విరగనీ! పప్పు నీ కోటలో ఉడకబెట్టనా?" అని లాగేశాను. సగం కోట కూలింది.

అతను వంగి ఆ శిథిలాలను ముచ్చటగా చూశాడు. "అచ్చం బాంబు పడ్డట్టే ఉందక్కా. థాంక్స్!"

తిట్టడానికి వెళ్లి, చివరికి నేనూ అతనికి పనికొచ్చాను.