షరీఫున్నీసా రాసిన మొదటి పేజీ

మా ఆత్మకూరు బడికి ఎనభై ఆరులో కంప్యూటర్ వచ్చింది. టీచర్లమంతా చెప్పులు బయట విడిచి, దండం పెట్టుకుని లోపలికి పోయేవాళ్ళం. దాన్ని పనిముట్టులా చూసింది లెక్కల టీచరు షరీఫున్నీసా ఒక్కతే. ఆమె నాయన ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాడు. చెక్క ఎక్కడ చీలుతుందో చెప్పనిదే బిడ్డల చేతికి ఉలి ఇచ్చేవాడు కాదు.

చుట్టుపక్కల బడుల్లో బేసిక్ అనే కంప్యూటర్ భాషతో పిల్లలకు ఆటలు తయారుచేసే టీచర్లు కొందరుండేవారు. కంప్యూటర్ కంపెనీ ఇచ్చిన పుస్తకంలోని ఆదేశాలతో తెర మీద బొమ్మ నత్తలా కదిలేది. మెమరీలో నంబర్లు వేసిన గడులుంటాయి; సరైన గడికి నేరుగా అంకె పంపితే అదే బొమ్మ చటుక్కున గెంతేది. ఏ గడి ఏం చేస్తుందో ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. షరీఫున్నీసా ఒక్కో గడీ పరీక్షించి, అంతా తెలుగులో రాసింది. మొదటి పేజీలో మాత్రం ఇదే రాసింది: "గడి నంబరు తప్పితే మీ ప్రోగ్రామే చెరిగిపోవచ్చు. ముందు దాన్ని టేపు క్యాసెట్లోకి ఎక్కించుకోండి."

కంప్యూటర్ శిక్షణ ఇన్‌ఛార్జి జనార్దనయ్య ఆ కాగితాలన్నీ సైక్లోస్టైల్ చేయించి అన్ని బడులకూ పంచాడు. ఆ మొదటి పేజీ తీసేసి పంచాడు. మాకో మాటైనా చెప్పలేదు మహానుభావుడు.

కొన్నాళ్ళకు దుత్తలూరు నుంచి మాల్యాద్రి మాస్టారు వచ్చాడు. అరుగుల మీద ఆడే పులి-మేకను కంప్యూటర్లో ఆడించాలని తంటాలు పడుతున్న మనిషి. మొహం పీక్కుపోయి ఉంది.

"మీ కాగితాలు చూసే కొట్టినాను టీచరమ్మా. ఒక్క అంకె తప్పు పడింది. నెల్లాళ్ళు చేసిన ఆటంతా పోయింది. ముందే ఒక మాట రాసుంటే మీ సొమ్మేం పోయేది?"

ఆమె ఆ కాగితాలు తిప్పి చూసింది. మొదటి పేజీ లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమెను లేవదీసి జనార్దనయ్య దగ్గరికి తీసుకుపోయాను.

"ఆ పేజీ చదివితే ఎవరైనా మిషన్ ముట్టుకుంటారా? భయపెట్టేది ఎందుకని తీసేసినా," అన్నాడు తాపీగా. "ఆ మాస్టారు కంప్లైంట్ ఇచ్చిండాడు. తప్పు నాదేనని నువ్వు రాసియ్యమ్మా, సర్దేస్తాం."

చేసిందంతా తను, రాసివ్వాల్సింది ఆమెనా? సిగ్గన్నా ఉండాలి మనిషికి.

ఆమె రాసివ్వలేదు. గోడల మీద ఎరువుల ప్రకటనలు రాసే దస్తగిరిని పిలిపించి, కంప్యూటర్ గది బయటి గోడ నిండా ఎర్ర రంగుతో ఆ మొదటి పేజీ రాయించింది. మర్నాడు జనార్దనయ్య చూసి నిలబడిపోయాడు.

"ఇదేంది?"

"మీరు తీసేసిన పేజీ సార్. ఇప్పుడు తీయండి."

ఆ వారమే మాల్యాద్రి కొత్త క్యాసెట్ కోసం వచ్చి, ఆ గోడ ముందు ఆగాడు. ఆ పేజీని ఎవరు తీసేశారో నేను చెప్పాను. రెండుసార్లు చదివి ఆమె వైపు తిరిగాడు.

"మిమ్మల్ని అనరాని మాట అన్నాను టీచరమ్మా," అన్నాడు. "ఇది నా ఆట పోకముందే నాకు అందాల్సింది."