నాంచారయ్య తెల్లమైనం

పెడనలో నీలి అద్దకం అంటే నాంచారయ్య పేరే చెప్పేవాళ్లు. మిగతావాళ్లంతా చెక్క అచ్చులతో చకచకా పని కానిచ్చుకుంటుంటే, ఆయన మాత్రం తండ్రి నేర్పిన పద్ధతి వదల్లేదు. కాచిన మైనాన్ని ఇనప కలంతో గుడ్డ మీద గీసి, గుడ్డని నీలిమందు బానలో ముంచేవాడు. మైనం ఉన్నచోట నీలం అంటదు. తర్వాత మరిగే నీళ్లలో వేస్తే మైనం కరిగి పైకి తేలుతుంది, కింద తెల్లటి గీత బయటపడుతుంది. తేలిన మైనాన్ని ఆయన భార్య పాపాయమ్మ గరిటెతో తోడి, చల్లార్చి, ముద్ద చేసి మళ్లీ వాడకానికి ఇచ్చేది. ఆ ముద్ద మామగారి కాలం నుంచీ అలా కరుగుతూ, గడ్డకడుతూ, చేతికందిన కొత్త మైనం కాస్త కాస్త కలుపుకుంటూ వస్తోంది. చూడ్డానికి నల్లబెల్లంలా ఉండేది.

నాంచారయ్య గొప్ప మాటకారి. ఆయన కూర్చున్న అరుగు మీద నవ్వులు ఆగేవి కావు. అంతటి మనిషీ తన కుడిచేతిని చూసుకుని హడలిపోతున్నాడని ఎవరూ అనుకోలేదు.

హడలడానికి కారణం ఉంది. తండ్రికీ చెయ్యి ఇలాగే వణకడం మొదలైంది. ముందు నెమలి మెడ గీసేటప్పుడు కలం అదిరింది. తర్వాత మంచినీళ్ల గ్లాసు అదిరింది. చివరికి అన్నం ముద్ద నోటిదాకా చేరేది కాదు. నాంచారయ్యే కలిపి పెట్టేవాడు. తినిపిస్తున్నంతసేపూ ఆ పెద్దాయన సిగ్గుతో కళ్లు మూసుకునేవాడు. ఆ మొహం నాంచారయ్య ఎన్నడూ మరిచిపోలేదు.

పంతొమ్మిదివందల అరవై ఆరో సంవత్సరం ఎండాకాలంలో, తెరగుడ్డ మీద ఒక తీగ వంపు దగ్గర ఆయన గీత వణికింది. తప్పు చేతిదని ఒప్పుకుంటే బతుకేం కాను? వెంటనే నెపం మైనం మీదకి నెట్టేశాడు.

"ఈ ముద్ద మురికిపట్టిపోయింది. పారెయ్యవే" అని పాపాయమ్మతో చెప్పి, బందరు నుంచి పాలలా తెల్లగా ఉన్న మైనం తెచ్చుకున్నాడు.

ఆ తెల్లమైనం కాస్తా కొంప ముంచింది. బానలో ముంచేసరికి పటపటా పగిలి, పగుళ్లలోకి నీలం దిగి, తెల్లని తీగల నిండా నీలి నరాలు తేలాయి. బందరు వర్తకుడు మీరా సాహెబ్ మర్యాదస్తుడు. తెరల్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మీ చేతిపని ఇలా ఉండదే నాంచారయ్యగారూ. ఒంట్లో బాగానే ఉంటోందా?" అని మాత్రం అడిగాడు. నాంచారయ్యకి ఆ పరామర్శ కన్నా తిట్టినా బాగుండుననిపించింది.

అప్పుడే చెల్లెలి కొడుకు పాండురంగారావు సెలవు పెట్టుకుని వచ్చాడు. ఉత్తరాదిన ఒక చమురు పరిశోధనశాలలో ఉద్యోగం. ముడిచమురు కాచి పెట్రోలు, కిరసనాయిలు లాగేశాక అడుగున మిగిలే బరువైన మడ్డిలో ఏమేం ఉన్నాయో తేల్చడం అతని పని.

"ఈ తెల్లమైనం కూడా ఆ మడ్డిలోంచి తీసిందే మావయ్యా. ఒక ముక్క ఇవ్వండి, మా మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి చూస్తాను" అన్నాడు.

కాదనడానికి సాకు దొరకలేదు. ముక్క ఇచ్చి పంపాక అసలు నరకం మొదలైంది. మైనంలో లోపం ఉందంటే గండం గడిచినట్టే. లేదంటే? నాంచారయ్య నలుగురితో కలిసి తినడం మానేశాడు. అరుగు మీద కూర్చున్నా చెయ్యి తువ్వాలు కిందే ఉండేది. మేనల్లుడు ఎప్పుడొస్తాడా అని ఎదురుచూసేవాడు, రాకపోతే బాగుండునని మొక్కుకునేవాడు.

దసరాకి పాండురంగారావు పొడుగాటి కాగితం చుట్టతో దిగాడు. నేల మీద విప్పితే దాని నిండా ఎత్తూపల్లాల గీతలు.

"మైనాన్ని గాలిలేని గొట్టంలో ఆవిరి చేసి ఎలక్ట్రాన్లతో కొడతాం మావయ్యా. ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని అయస్కాంతం పక్కనుంచి పంపితే తేలికవి బాగా వంగుతాయి, బరువువి అంతగా వంగవు. కళ్లంలో తూర్పారబడితే పొల్లు దూరంగా, గింజ దగ్గరగా పడ్డట్టు వేరైపోతాయి."

"లోపం ఉందా, లేదా?"

"మచ్చుకైనా లేదు. ఇంత శుభ్రమైన మైనం అరుదు."

నాంచారయ్యకి తండ్రి మూసిన కళ్లు గుర్తొచ్చాయి.

"శుభ్రమే దాని జబ్బు" అన్నాడు పాండురంగారావు కాగితం మీదే చూపు నిలిపి. "ఇవన్నీ సంతృప్త హైడ్రోకార్బన్లు. వీటిల్లో తిన్నని గొలుసులుంటాయి, కొమ్మలున్నవి ఉంటాయి, ఉంగరంలా చుట్టుకున్నవీ ఉంటాయి. ఇందులో దాదాపు అన్నీ తిన్ననివే. చీపురుపుల్లల్లా పక్కపక్కన సర్దుకుని పెళుసెక్కి పగులుతాయి. రెండో ముద్దలో మూడు రకాలూ కలిసున్నాయి, తేనెమైనం కూడా ఉంది. అది పగలదు. దాంతోనే పని చెయ్యండి."

"రెండో ముద్దేవిట్రా?"

"నల్లది. అత్తయ్య ఇచ్చింది కదా."

పొయ్యి దగ్గరున్న పాపాయమ్మ తల ఎత్తలేదు.

ఆ పూట నాంచారయ్య అందరితో కలిసి కూర్చుని, జోకులు వేస్తూ అన్నం తిన్నాడు. తెల్లారగానే అటక మీది పాత ముద్ద దింపించి కరిగించాడు. గీశాడు, ముంచాడు, ఆరేశాడు. పాపాయమ్మ మరిగే నీళ్లలోంచి గుడ్డ తీసి ఎండలో పరిచింది.

ఒక్క పగులు లేదు. ఒక్క నీలి నరం లేదు.

"చూశారా మావయ్యా" అని పాండురంగారావు సంబరపడి, సంచీ భుజాన వేసుకుని బందరు బస్సుకి వెళ్లిపోయాడు.

నాంచారయ్య గుడ్డ మీదకి వంగాడు. తీగ వంపు తిరిగిన ప్రతిచోటా తెల్లని గీత సన్నగా వణికి ఉంది. ఇన్నాళ్లూ పగుళ్ల గందరగోళంలో ఆ వణుకు కలిసిపోయింది. ఇప్పుడు దాక్కోవడానికి దానికి చోటు లేదు. ఆయనకీ లేదు. అక్కడే కూలబడ్డాడు.

"పారెయ్యమన్నాను కదా. ఎందుకు దాచావు?"

"మైనంలో దోషం లేదని నాకు తెలుసు."

"ఎప్పట్నించి?"

"ఉగాది పచ్చడి మీ చేతిలోంచి ఒలికిన దగ్గర్నించి" అంది పాపాయమ్మ. "మీరు తప్పు మైనానిదంటే సరేననుకున్నాను. చేతిదనుకోవడానికి నాకూ భయమే."

మధ్యాహ్నం కంచం ముందు పెడితే ఆయన చెయ్యి చాపలేదు. పాపాయమ్మ ఎదురుగా కూర్చుని పప్పన్నం కలిపి ముద్ద అందించింది. నాంచారయ్య కళ్లు మూసుకున్నాడు.

"మీ నాన్నగారిలా కళ్లు మూసుకోకండి. నన్ను చూస్తూ తినండి" అంది.