రాళ్లమడిలో నీలిపువ్వు పేరు

గున్‌హిల్డ్ వెస్తీన్ మొగుడికి సమాధి లేదు. మొక్కలు సేకరించడానికి మధ్య ఆసియా కొండలెక్కిన తోర్‌వాల్డ్ అక్కడే మంచుచరియల కింద ఉండిపోయాడు. అంతకుముందే అతను పంపిన విత్తనాలు సొంతూరు ఉప్సలాలోని మొక్కల తోటలో మొలిచి నీలంగా పూశాయి. స్నేహితుడు ప్రొఫెసర్ బ్రూదీన్ ఆ పువ్వుకు లాటిన్‌లో అతని పేరే పెట్టాడు: జెన్షియానా వెస్తీనిఇ.

ఆ తోటలో పేరుపలకలు రాసే పని గున్‌హిల్డ్‌దే. కొండమొక్కలు పెంచే రాళ్లమడిలో ఆ నీలిపువ్వు పలక దగ్గర ఎవరు ఆగినా, కుంచె పడేసి వచ్చేది.

"వెస్తీనీ కాదండీ. చివర 'ఇ' రెండుసార్లు పలకాలి. వెస్తీని... ఇ. వెస్తీన్ గారి పువ్వు అని అర్థం."

"మళ్లీ మొగుణ్ణి కాఫీకి పిలుస్తున్నావా తల్లీ?" తోటమాలి ఆల్రిక్ పాదుల్లోంచి అరిచేవాడు.

"పిలుస్తా. నీకేం నొప్పి? నీ వాటా యాలకుల రొట్టె ఆయనేం తినడులే!"

ఊరివాళ్లు చాదస్తం అనుకున్నారు. అనుకోనీ. చచ్చినవాడి పేరు రోజూ పదిమంది నోట వినబడే అదృష్టం ఎందరికుంది?

ఒక మే నెల ఉదయం బ్రూదీన్ టోపీ చేత్తో పట్టుకుని ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"నావల్ల పొరపాటు జరిగిందమ్మా. ఆ పువ్వుకి మనకంటే ముందే రష్యావాళ్లు పేరు పెట్టేశారు. జుబరేవిఇ అట. ఆ రోజు దుఃఖంలో తొందరపడ్డాను, పాత పుస్తకాలు వెతకలేదు."

"అయితే రెండు పేర్లూ రాస్తాను."

"కుదరదు. ముందు పెట్టిందే నిలుస్తుంది. మొక్కలకి పేర్లు పెట్టే మా అందరి కట్టుబాటు అది."

"ఆయన్ని మంచు మింగింది చాలక, ఇప్పుడు మీ కట్టుబాటు కూడా మింగాలా?"

బ్రూదీన్ తలొంచుకున్నాడు. తిట్లు తినడానికే వచ్చాడు పాపం.

కొత్త పలక రాయాల్సింది కూడా ఆమే. సగం రాసి ఆగి, బ్రూదీన్ వైపు తిరిగింది.

"ఎవరీ జుబరేవ్?"

"మనవాడిలాగే మొక్కల కోసం వెళ్లాడు. ఆ కొండల్లోనే పోయాడు."

"పెళ్లాం ఉందా?"

"అది ఎక్కడా రాయలేదు."

గున్‌హిల్డ్ వెక్కివెక్కి ఏడ్చింది. తర్వాత మిగతా అక్షరాలు పూర్తిచేసి, పాత పలక పీకి, కొత్తది తన చేత్తోనే పాతింది.

ఆ ఆదివారం ఎవరో ముసలాయన వంగి "జుబరేవీ" అని చదివాడు. ఆల్రిక్ పార ఆపి ఆమె వైపు చూశాడు. ఆమె కుంచె కింద పెట్టింది. తర్వాత లేచి వచ్చింది.

"అలా కాదండీ," అంది. "జుబరేవి... ఇ. సరిగ్గా పిలవండి. ఆయన కోసం కూడా ఎవరో ఒకావిడ ఎదురుచూసే ఉంటుంది."