ఎనుముకు చదివి వినిపించిన పాఠం

నా చిన్నప్పుడు నంద్యాల కబుర్లను ఆళ్లగడ్డకు అందరికంటే ముందు మోసుకొచ్చేది గాజులక్క. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఒక పొద్దున ఆమె బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చి, గాజుల మూట దించుకుని, నా వేళ్లు నొక్కి గాజు ఎక్కిస్తూ, "మీ పెద్దనాయన శుక్రారం వస్తాండాడంట పాపా. నీ సదువు సూసి పోతాడంట" అంది. ఎక్కుతున్న గాజు పిడికిలి దగ్గరే ఆగిపోయింది. భయానికి నా చేయి బిగుసుకుపోయింది మరి. "సెయ్యి వదులు సెయ్యమ్మే, గాజు పగుల్తాది" అని ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

అప్పట్లో మా ఇళ్లలో ఆడపిల్లలను బడికి పంపే అలవాటు లేదు. నాకు అక్షరాలు దిద్దించింది మా తాతయ్య. మేము ఆయనను జేజినాయన అనేవాళ్లం. బేతంచెర్ల రాయి పరిచిన అరుగు మీద కూర్చోబెట్టి చదివించేవాడు. పక్కన కొట్టడానికి ఒక చింతబరికె ఉండేది. ఆయన చెడ్డవాడు కాడు. తన కళ్ల ముందే నాకు చదువు వచ్చేయాలన్న తొందర ఆయనది. కాని ఆ బరికె అక్కడ ఉన్నంతసేపూ నా చూపు వాచకం మీద ఉన్నా మనసు దాని మీదే ఉండేది. నిన్న చదివిన పాఠమే ఈరోజు ఎన్నడూ చూడనట్టు కనిపించేది. మాట గొంతు దాటి వచ్చేది కాదు. ఆయనకు విసుగొచ్చి, "దీని తలకాయకు ఎక్కేట్టు లేదు. పెద్దోడు వచ్చి సూసి వద్దంటే మానిపిద్దాం" అన్నాడు.

నంద్యాలలో ఉండే పెద్దనాయన మాటే మా ఇంట్లో చివరి మాట. నాకేమో చదువంటే ఎంత ఇష్టమంటే, ఎవరూ లేనప్పుడు అంగడి పొట్లాల కాగితాలు విప్పి చదువుకునేదాన్ని. అప్పుడు మాత్రం ఒక్క అక్షరమూ మొరాయించేది కాదు. అదంతా పోతుందని తలచుకుని అహోబిలం స్వామికి దిండు తడిసేలా మొక్కుకున్నాను. స్వామి విన్నాడు. కాకపోతే ఆయన పంపిన సాయం కొమ్ములతో వచ్చింది.

ఆ వారంలోనే మా ఇంటికి కొత్త ఎనుము వచ్చింది. గేదెను మా వైపు అలాగే అంటాం. చాగలమర్రి దగ్గర కొని రోడ్డు వెంట నడిపించుకొస్తుంటే లారీల మోతకు బెదిరిపోయిందట. ఇంటికి వచ్చాక పాలు చేపలేదు. పొదుగు నిండుగానే ఉంది. దాని దూడ, మా మాటలో దుడ్డె, వచ్చి ఎంత కుమ్మినా చుక్క దించలేదు. జీతగాడు కాళ్లకు బంధం వేశాడు, తాతయ్య కర్రతో అదిలించాడు. అది ఇంకా బిగబట్టుకుంది.

అప్పుడు ముందుకొచ్చింది మా మేనత్త. పుట్టింట్లోనే ఉండిపోయి గొడ్డూగోదా చూసుకునే మనిషి. "ఇంగ మీరెవరూ కొట్టంలోకి రావాకండి నాయనా. బెదరగొట్టి పాలియ్యమంటే అది యాడ నుంచి ఇస్తాది?" అంది.

"అయితే దానికి జోల పాడు పో" అని తాతయ్య ఎగతాళి చేశాడు.

"నేను పాడితే దుడ్డె కూడా పారిపోతాది. పాప సదివి వినిపిస్తాది లే."

ఇంట్లో అందరూ నవ్వారు. అత్త మాత్రం నన్ను వాచకంతో సహా కొట్టంలోకి తీసుకుపోయి, పత్తిగింజల గంప పక్కన కూర్చోబెట్టింది. "తప్పు చదివితేనో?" అని అడిగాను. "దానికేం తెలుసమ్మే? నీ గొంతు మెత్తగా ఉంటే సాలు" అంది. గొంతు మెత్తగా ఉండాలంటే నిదానించక తప్పలేదు. నిదానిస్తే అక్షరాలు కూడా పరుగెత్తకుండా నిలబడ్డాయి. అత్త నా వైపు చూడనే లేదు, ఎనుము పక్కలు నిమురుతూ కూర్చుంది. అది చెవులు నా వైపు తిప్పింది. తరువాత నెమరు వేసింది. ఒక సాయంత్రం ఉన్నట్టుండి చెంబులో పాలధార చప్పుడు వినిపించింది. తలెత్తి చూస్తే నేను చదువుతున్న పాఠం కూడా అయిపోయి ఉంది. ఎక్కడా ఆగినట్టు నాకు గుర్తు లేదు.

"నువ్వెందుకు చదవవు అత్తా?" అని అడిగాను. ఆమె చేయి కొంగుకు తుడుచుకుని వాచకం అందుకోబోయింది. పుస్తకం తగిలేలోపే వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. "నేనూ నాయన దగ్గర, ఆ బరికె కిందనే సదివినా. ఇప్పటికీ పుస్తకం ముట్టుకుంటే సెయ్యి ఇట్లయితాది" అని ఏదో వింత చెప్పినట్టు నవ్వింది.

శుక్రవారం పెద్దనాయన వచ్చాడు. అరుగు మీద తాతయ్య, పక్కన బరికె, నా చేతిలో వాచకం. ఎప్పటిలాగే మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. "సూస్తివి కదప్పా" అన్నాడు తాతయ్య. పెద్దనాయన ఏదో అనబోయేంతలో అత్త చెంబు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది.

"అన్నా, పాలు పిండే పొద్దాయె. పాప రాకుంటే ఎనుము సేపదు. నీకు కాఫీ కావాల్నంటే పాపను పంపు."

"ఏందీ? పాపేమన్నా దాని దుడ్డెనా?"

"వచ్చి సూడు. నువ్వూ రా నాయనా. ఆ బరికె మాత్రం ఆడనే పెట్టి రా, ఎనుము బెదురుతాది."

తాతయ్య ఒక క్షణం కూతురి మొహంలోకి చూసి, బరికె అరుగు మీదే వదిలి లేచాడు.

వాళ్లు నా వెనక నిలబడ్డారని నాకు తెలుసు. కాని ఎనుము నా వైపే చూస్తోంది. గొంతు వణికితే దానికి తెలిసిపోతుంది. దాని కోసం మెత్తగా మొదలుపెట్టాను. ఒక పాఠం, ఆ పైన ఎన్నడూ చదవని కొత్త పాఠం. చెంబు నురగతో నిండింది. పెద్దనాయన, "ఈ పాపకా నాయనా, సదువు ఎక్కలేదంటివి?" అన్నాడు. తాతయ్య పాలు పిండుతున్న అత్త చేతుల వైపే చూస్తూ నిలబడ్డాడు.

నా చదువు ఆగలేదు. మరునాడు అరుగు మీద బరికె లేదు. పొయ్యిలో పెట్టింది ఎవరో నేను అడగలేదు. తాతయ్య తప్పు దిద్దే ముందు ఒక బెల్లం ముక్క నా చేతిలో పెట్టడం నేర్చుకున్నాడు. ఆ తరువాత గాజులక్క వచ్చినప్పుడు గాజులన్నీ ఎలా జారిపోయాయో! "ఈసారి సెయ్యి వెన్న మాదిరుందే" అంది. గుండె మీది బరువు దిగితే చేతికి కూడా తెలుస్తుందని నాకు అప్పుడే అర్థమైంది.

అత్త చివరిదాకా పుస్తకం పట్టుకోలేదు. ఆమెకు వినాలనిపించినవన్నీ చదివి వినిపించే భాగ్యం దేవుడు నాకే ఇచ్చాడు. ఇప్పుడు మనవరాళ్లకు చదువు చెబుతూ, వాళ్లు ఎక్కడైనా ఆగిపోతే నేను పుస్తకం వైపు చూడను. ముందు వాళ్ల చేయి నా చేతిలోకి తీసుకుని, అది బిగుసుకుని ఉందా అని చూస్తాను. మీరు కూడా ఏ పిల్లకైనా చదువు చెప్పడానికి కూర్చున్నప్పుడు, పుస్తకం ముట్టుకోబోయి వేళ్లు ముడుచుకున్న మా అత్తను ఒక్కసారి తలచుకోండి.