కార్డులో పెరిగిన ఎనిమిదేళ్లు

పోయిన శుక్రవారం మైపాడులో మా పెదనాయన కన్నుమూశాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్. మరణ ధ్రువపత్రం కోసం వెళితే గ్రామ సచివాలయంలో "వయసెంతమ్మా?" అని అడిగారు. చిన్న ప్రశ్నే. నా దగ్గర మాత్రం రెండు జవాబులున్నాయి.

చేపల వేటకు వెళ్లడం మానుకున్నాక ఆయన ఊళ్లోవాళ్ల వలలు బాగుచేసేవాడు. వసారాలో కూర్చుని, వల అంచును కాలి బొటనవేలికి తగిలించి, వేసిన ప్రతి ముడినీ పంటితో లాగి చూసేవాడు. నేను పాఠాలు చెప్పే బడికి సెలవైతే నేనూ పక్కన చేరేదాన్ని. నేను వేసిన ముళ్లను మాత్రం లాగి చూడకుండానే విప్పేసేవాడు. "టీచరమ్మ ముడేసిందంటే చేపలకి పండగే!" అని నవ్వేవాడు.

ఆయన మా నాన్నకంటే రెండేళ్లే పెద్ద. ఆధార్ కార్డు తీయించినప్పుడు, పింఛను త్వరగా వస్తుందని నేనే ఎనిమిదేళ్లు ఎక్కువ చెప్పాను. మా పేటలో చాలామంది చేసిన పనే. ఆయన కార్డును అటూ ఇటూ తిప్పి, "ఒక్క పూటలో ముసిలోణ్ణి చేసేసినావు గదమ్మే" అన్నాడు. అప్పుడు ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం.

నెల్లూరు ఆసుపత్రిలో కార్డు మీద డెబ్భై ఆరు చూసి డాక్టరమ్మ ఆలోచనలో పడింది. "ఈ మందు గడ్డను నేరుగా చంపదు. ఒంట్లో కాపలా కాసే కణాలను లేపి దాని మీదికి పంపుతుంది. వయసు పెరిగేకొద్దీ అవీ ముసలవుతాయి. కొందరు పెద్దవాళ్లకు బాగానే పనిచేస్తుంది. ఎవరికన్నది ముందే చెప్పలేం."

"అది తప్పు వయసు మేడమ్, నేనే రాయించాను. నిజంగా అరవై ఎనిమిదే" అని బతిమాలాను. మందు మొదలుపెట్టారు. ఆ ఎనిమిదేళ్లూ ఆయనకు తిరిగి ఇప్పించినట్టే సంబరపడ్డాను.

తిరుగు బస్సులో ఆయన మెల్లగా అన్నాడు: "పాత వలకి కొత్త నూలేస్తే ముడి నిలబడతాదమ్మే. పక్కనుండే కన్ను తెగతాది."

"నీకు ప్రతిదీ వలే!" అని కసిరాను. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే కోపం వస్తోంది.

నాలుగు సార్లు మందు ఎక్కించాక తీసిన స్కానులో గడ్డ ఇంకా పెరిగింది. "అరవై ఎనిమిదే గదా మేడమ్?" అని మళ్లీ అడిగాను, అడగడానికి వేరే ఏమీ లేక.

"లేపినా లేచే బలం ఆ కణాలకు లేదేమో. వయసువల్లేనని ఖాయంగా చెప్పలేను. ఒంటి వయసు ఏ లెక్కకూ అందదమ్మా" అంది. నేను రాయించిన ఏళ్లే ఆయన ఒంట్లోకి దిగాయేమోనని పిచ్చి ఊహ పుట్టింది. ఇంకా పోలేదు.

చివరి వారాల్లో ముడి బిగించే సత్తువ కూడా ఆయనకు లేకపోయింది. వల సూది నా చేతికిచ్చి, "నువ్వెయ్యి, నేను చూస్తా ఉంటా" అనేవాడు. నేను వేసేదాన్ని.

సచివాలయంలో చివరికి "అరవై ఎనిమిది" అన్నాను. వాళ్లు కార్డు చూసి డెబ్భై ఆరు రాసుకున్నారు.

ఇంటికొచ్చి చూస్తే ఆ వల వసారాలో కొక్కేనికి అలాగే వేలాడుతోంది. చివరి వరసలో నా ముళ్లు, వదులుగా, వంకరగా. ఒక్కటి కూడా విప్పలేదు ఆయన.