రెండు లీటర్ల కొత్త ఆయిల్

విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో మా ఫ్యాక్టరీ జనరేటర్‌కి ఆయిల్ సెన్సర్ బిగించింది నేనే. ఇంజన్ ఆయిల్ పాడవుతుంటే తెరమీద గీత పైకెక్కుతుంది, చివరికి ఎర్రదీపం వెలుగుతుంది. అంతకుముందు ఆ పని బాబాయ్ వేళ్ళు చేసేవి. పిలుపుకే బాబాయ్, రైల్వే డీజిల్ షెడ్‌లో రిటైరై మా దగ్గర ఫిట్టర్‌గా చేరాడు. చుక్క ఆయిల్ వేళ్ళ మధ్య నలిపి, "ఇంకో వారం లాగుతాది" అంటే లాగాల్సిందే.

"నీ మిషనూ నా ఏళ్ళూ ఒకే మాట సెప్పాల. అప్పుడే ఇంజన్ తిప్పుతాను" అనేవాడు.

ఒక మధ్యాహ్నం ఎర్రదీపం వెలిగింది. ఆయిల్ మొత్తం మార్చాలంటే సగం రోజు పని. నా షిఫ్టు అయిపోవచ్చింది, ఒళ్ళు బద్ధకించింది. రెండు లీటర్ల పాతది తీసి, రెండు లీటర్ల కొత్తది పోశాను. గీత దిగింది, దీపం ఆరింది. మసిబూసి మారేడుకాయ చేసి ఇంటికి పోయాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న బాబాయ్ చుక్క నలిపి చూశాడు. కొత్తది కలిసింది కదా, చేతికి బాగానే తగిలింది. ఇంజన్ తిప్పాడు. గంటలో అడుగున మిగిలిన పాత ఆయిల్ మడ్డి అడ్డుపడి బేరింగ్ పట్టేసింది. ఏమైందో చూద్దామని పక్కమూత విప్పాడు. మరిగిన ఆయిల్ కుడిచేతి మీద చిమ్మింది.

చెయ్యి మానింది, వేలికొసల్లో స్పర్శ మాత్రం రాలేదు.

"వయసైపోనాది బాబూ. నా ఏళ్ళే నన్ను మోసం సేసినాయి" అని పని మానేశాడు.

మోసం చేసింది నేను. చర్చిలో ఆయన ఎడమచెయ్యి ఎత్తి వందనాలు చెబితే, తేలు కుట్టిన దొంగలా తల వంచుకుంటాను. ఇంట్లో ఇన్వర్టర్‌కి చిన్న ఎర్రదీపం ఉంటుంది. దాన్ని చూడలేక కాగితం అంటించాను. కాగితం కిందా అది వెలుగుతున్నట్టే ఉంటుంది నాకు.

పోయిన ఆదివారం, చెప్పేయాలని తాల్‌బగీచా పేటలో వాళ్ళింటికి వెళ్ళాను. బజ్జీలు వేద్దామని పిన్ని వంటగదిలో నా కళ్ళముందే కొత్త నూనె ప్యాకెట్ కత్తిరించింది.

"కొంచెం గిన్నెలో పోసి ఇలగ తే" అని కేకేశాడు బాబాయ్. "ఎడంసేతికి నేర్పుతున్నాను, సూడు."

వేలు ముంచి, కళ్ళు మూసుకుని, చాలాసేపు నలిపాడు.

"రెండుసార్లు కాగిన నూనె. ఏటి, కరెక్టేనా?"

పిన్ని నావైపు చూసింది.

"కరెక్టే బాబాయ్" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది.

"అయితే మీ మేనేజర్ని అడుగు బాబూ. రేపట్నుంచి పన్లోకి వొచ్చేస్తాను" అన్నాడు.